స్తంభాలు గట్టివే, జాకీ ఎందుకు జారింది?

రేణిగుంట నుంచి ఏర్పేడు వైపు పోయే దారిలో ఒక రేకుల షెడ్డు ఉంది. కాలువల మీద పరిచే కాంక్రీటు పలకలు అక్కడ పోతపోస్తారు. పలక ఎంత బరువు ఆపుతుందో తేల్చుకోవడానికి వాళ్లే సొంతంగా ఒక టెస్ట్ ఫ్రేమ్ వెల్డింగ్ చేయించుకున్నారు. రెండు స్తంభాలు, పైన అడ్డంగా ఒక క్రాస్ బీమ్, దాని కింద వేలాడే హైడ్రాలిక్ జాకీ. 30 టన్నుల దాకా నొక్కాలని ఉద్దేశం. మొదటిసారి నొక్కిన రోజు 18 టన్నుల దగ్గర టప్పుమని చప్పుడైంది. జాకీ కిందున్న బాల్ సీటు (ఎటైనా తిరిగే గుండు కీలు) పక్కకు జారి, బరువు కొలిచే లోడ్ సెల్ ఎగిరి గోడ వారగా పడింది. అదృష్టం, ఆ వైపు ఎవరూ లేరు.

నేను వెళ్లేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. విచిత్రమేమంటే, ఏదీ విరగలేదు. వంగిన కమ్మీ లేదు, తెగిన బోల్టు లేదు, వెల్డింగ్‌లో వెంట్రుకవాసి చీలిక లేదు. పలక మీద గీత కూడా పడలేదు. యజమాని మాత్రం అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశారు. “కంబాలు సన్నమైపోయినాయి సార్. ఇంకా లావువి చెప్పేసినా.”

స్తంభాల తప్పేమీ లేదని ఆయనకు నచ్చజెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఈ వ్యాసం ఆ రెండు రోజుల మాటలే, కాస్త వరసలో పెట్టి.

మన మాటల్లో ‘గట్టిది’ అనే ఒక్క ముక్కలో మూడు వేరువేరు గుణాలు కలిసిపోతాయి. ఎంత బరువుకు తెగుతుంది, నలుగుతుంది అన్నది బలం. ఒక బరువు పెడితే ఎంత సాగుతుంది, ఎంత వంగుతుంది అన్నది దృఢత్వం. బరువు మోస్తున్న దాన్ని పక్క నుంచి వేలితో కాస్త నెడితే తిరిగి తన చోటికి వస్తుందా, అటే పోతుందా అన్నది స్థిరత్వం. మొదటి రెండూ పదార్థం కొంత, ఆకారం కొంత కలిసి చెప్పే సంగతులు. మూడోది చాలావరకు ఆకారం, ఆధారం చెప్పే సంగతి. షెడ్డులో ఆ రోజు తప్పింది మూడోది.

స్థిరత్వం అంటే ఏమిటో చిత్తూరు వైపు మామిడి తోటలో చూడొచ్చు. తోతాపురి కాయ బరువెక్కే రోజుల్లో కొమ్మ విరగకుండా పంగలకర్ర ఊతమిస్తారు. సన్నకర్ర పెడితే అది నలిగిపోదు, విల్లులా వంగి పక్కకు తప్పుకుంటుంది. అదే కర్రను సగానికి నరికి పొట్టి కొమ్మ కింద పెడితే హాయిగా మోస్తుంది. కట్టె మారలేదు, లావు మారలేదు, పొడవు మారిందంతే. ఇంకొకటి: కర్ర మొదలును ఒట్టి నేల మీద ఆనిస్తే ఒక తీరు, జానెడు గుంత తీసి పాతితే ఇంకో తీరు. పైన పంగను కొమ్మకు తాడుతో కట్టేస్తే మరో తీరు. తోటమాలికి ఇవన్నీ చేతివాటంగా తెలుసు. లియొనార్డ్ ఆయిలర్ 1744లో దీన్నే లెక్కగా రాశాడు: కర్ర పక్కకు తప్పుకునే బరువు దాని పొడవు వర్గానికి విలోమంగా ఉంటుంది. పొడవు రెట్టింపైతే మోసే బరువు నాలుగోవంతుకు పడిపోతుంది.

అంకెలతో చూద్దాం. షెడ్డులో స్తంభాలు 300 మి.మీ. ఐ బీములు (అడ్డంగా కోస్తే ఇంగ్లిష్ I అక్షరంలా కనిపించే ఉక్కు దూలాలు), 3 మీటర్ల పొడవు. అడ్డకోత వైశాల్యం సుమారు 56 చదరపు సెంటీమీటర్లు. మామూలు ఉక్కు చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్ల దగ్గర మళ్లీ వెనక్కి రాకుండా సాగిపోతుంది కాబట్టి ఒట్టి బలం లెక్కన ఒక్కో స్తంభం 143 టన్నులు మోయాలి. రెండు కొసలూ మడతబందుల్లా తిరగగలవనుకుని ఆయిలర్ లెక్క కడితే, బలహీనమైన వైపు 101 టన్నులకే పక్కకు తప్పుకుంటుంది. బజార్లో దొరికే బీము అచ్చం తిన్నగా ఉండదు, రోలింగ్ మిల్లులో చల్లారేటప్పుడు లోపల కొన్ని ఒత్తిళ్లు మిగిలే ఉంటాయి. వాటిని కలుపుకుని ఉక్కు కట్టడాలకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 800 (2007) ప్రకారం లెక్కేస్తే డిజైన్‌కు వాడుకోదగ్గది 63 టన్నులే. ఒకే ఇనుప దుంగకు మూడు జవాబులు. కింద బిగించి పైన దేనికీ కట్టకుండా వదిలేస్తే ఆయిలర్ లెక్కే 25 టన్నులకు దిగిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. ‘ఇంకా మంచి ఉక్కు’ వేస్తే సరిపోతుంది కదా అంటారు. 250 బదులు 350 గ్రేడు వేస్తే ఒట్టి బలం 143 నుంచి 200 టన్నులకు పెరుగుతుంది, నిజమే. ఆ 101 మాత్రం 101గానే ఉంటుంది. ఆయిలర్ లెక్కలో వచ్చేది ఉక్కు ఎంతకు తెగుతుందన్నది కాదు, ఎంత తేలిగ్గా వంగుతుందన్నది. ఆ గుణం చవక ఉక్కుకూ ఖరీదైన ఉక్కుకూ దాదాపు ఒకటే. సన్నటి పొడవాటి దుంగకు ఖరీదైన ఉక్కు కొనడం డబ్బు దండగ.

ఇంతా చెప్పి, ఈ లెక్క షెడ్డు స్తంభాలకు వర్తించదు. వాళ్ల ఇంజినీరు కుర్రాడు పై లెక్కలన్నీ చక్కగా కట్టి, ఫైల్లో పెట్టి ఉంచాడు. తప్పుల్లేవు. కానీ ఆ స్తంభాలు బరువు మోయడం లేదు.

జాకీ కిందికి నొక్కుతుంది అంటాం గానీ, అది రెండు వైపులా నొక్కుతుంది. కింద పలకను ఎంత నొక్కితే పైన క్రాస్ బీమ్‌ను అంతే పైకి నెడుతుంది. పైకి పోవాలని చూసే క్రాస్ బీమ్‌ను కిందికి పట్టి ఉంచేవి స్తంభాలు. అంటే అవి సాగుతున్నాయి, చెరో 15 టన్నుల లాగుడులో ఉన్నాయి. లాగిన తాడు పక్కకు తప్పుకోదు, ఇంకా తిన్నగా బిగుసుకుంటుంది. కింద ఫ్రేమ్‌కు అడుగు బీము ఉంటే ఆ లాగుడు అక్కడే తిరిగి పలక కిందికి చేరుతుంది, నేలకు ఫ్రేమ్ సొంత బరువు తప్ప ఇంకేమీ తెలియదు. తాను కూర్చున్న మంచాన్ని తానే లేపడానికి చూసినట్టు, బలమంతా ఫ్రేమ్ లోపలే చక్కర్లు కొడుతుంది. అడుగు బీము లేకుండా స్తంభాలను గచ్చుకు బిగించారా, అప్పుడు ఆ 30 టన్నులూ గచ్చును పైకి పెకలించడానికి చూస్తాయి. నాలుగంగుళాల గచ్చులో బిగించిన బోల్టుల మీద నమ్మకం పెట్టుకోకండి. ఈ షెడ్డులో అడుగు బీము ఉంది, అంతవరకు మేలు.

కాబట్టి ఏ టెస్ట్ ఫ్రేమ్ దగ్గరికి వెళ్లినా నేను చేసే మొదటి పని కంప్యూటర్ తెరవడం కాదు. చాక్‌పీసుతో ఫ్రేమ్ మీదే గీతలు గీస్తాను. జాకీ దగ్గర మొదలుపెట్టి, బలం ఏ ముక్కలోంచి ఏ ముక్కలోకి పోతోంది, ఎక్కడ మలుపు తిరుగుతోంది, మళ్లీ జాకీ దగ్గరికి ఎలా వస్తోంది. లాగుడు ఉన్నచోట ఒక గీత, నొక్కుడు ఉన్నచోట రెండు గీతలు. రెండు గీతలు పడ్డ ముక్కలే పక్కకు తప్పుకోగలవు. మిగతావాటి గురించి నిద్ర మానుకోనక్కర్లేదు.

ఈ ఫ్రేమ్‌లో రెండు గీతలు మూడు చోట్ల పడ్డాయి. అడుగు బీము పైఅంచు ఒకటి. అది పొట్టిది, నేలకు ఆని ఉంది, వదిలేద్దాం. రెండోది క్రాస్ బీమ్ కింది అంచు. మామూలు ఇంటి దూలానికి బరువు పైనుంచి వస్తుంది, పైఅంచు నలుగుతుంది, కింది అంచు సాగుతుంది. ఇక్కడ నెట్టుడు కిందినుంచి కాబట్టి తలకిందులు: జాకీని బిగించిన కింది అంచే నొక్కుడులో ఉంది. మూడోది జాకీ దొంతర: జాకీ, దాని కింద లోడ్ సెల్, దాని కింద బాల్ సీటు, దాని కింద బరువును రెండు చోట్లకు పంచే చిన్న స్ప్రెడర్ బీమ్, దాని కింద రెండు ఇనుప రాడ్లు, వాటి కింద పలక. ఒకదాని మీద ఒకటి పేర్చిన చెంబుల్లాంటి ఈ దొంతరలో 30 టన్నుల నొక్కుడు. దీనికి లెక్క ఫైల్లో ఒక్క పేజీ లేదు. ఎందుకంటే డ్రాయింగ్‌లో అదంతా ఒక బాణం గుర్తు!

ఆ బాణాన్ని విప్పి చూద్దాం. జాకీ క్రాస్ బీమ్‌కు గట్టిగా బోల్టులేసి ఉంది. క్రాస్ బీమ్ మధ్యగీత నుంచి బాల్ సీటు దాకా 90 సెంటీమీటర్లు. దీన్ని పైనుంచి వేలాడే ఒక కర్ర అనుకోండి. కర్ర కొస ముందుకో వెనక్కో కదిలిందంటే, జాకీతోపాటు క్రాస్ బీమ్ మెలిపడిందన్న మాట. మెలిపడిన బీమ్ స్ప్రింగులా తిరిగి తన చోటికి రావాలని చూస్తుంది. కొసమీది నొక్కుడేమో ఇంకా పక్కకు తోస్తుంది. ఈ ఇద్దరి తగవులో ఎవరు గెలుస్తారన్నదే స్థిరత్వం లెక్క.

క్రాస్ బీమ్ 400 మి.మీ. ఐ సెక్షన్, స్తంభాల మధ్య 2 మీటర్లు. వంగడంలో దానికి లోటు లేదు, 30 టన్నుల దగ్గర చదరపు మిల్లీమీటరుకు సుమారు 144 న్యూటన్లు, భరించగలదు. ఇక మెలి. రెండు కొసలూ మెలిపడకుండా బిగిసి ఉన్నాయనుకుంటే, దాన్ని మధ్యలో ఒక డిగ్రీ మెలితిప్పడానికి 640 కిలోల బరువును మీటరు పొడవు చేయి మీద వేలాడదీయాలి. అదే ఒక డిగ్రీకి 90 సెం.మీ. కర్ర కొస 16 మి.మీ. పక్కకు జరుగుతుంది. అప్పుడు నొక్కుడు తోసే తోపు: ఎన్ని టన్నులుంటే అన్ని, ఇంటూ 16 మి.మీ. రెండూ సరితూగేది 41 టన్నుల దగ్గర. మెలి ఒక డిగ్రీయా, అర డిగ్రీయా అన్నదానితో పనిలేదు, ఇటు సగమైతే అటూ సగమే అవుతుంది. 41 దాటితే కర్రను తిన్నగా నిలబెట్టడం ఎవరి వల్లా కాదు.

ఐ సెక్షన్ మెలికి ఎందుకంత మెత్తగా ఉంటుంది? ఒక పీవీసీ పైపు ముక్కను రెండు చేతులతో పట్టుకుని మెలిపెట్టి చూడండి, కదలదు. దాన్నే రంపంతో ఒక వైపు నిలువునా చీల్చి మళ్లీ మెలిపెట్టండి, గుడ్డ పిండినట్టు తిరుగుతుంది. ప్లాస్టిక్ ఏమాత్రం తగ్గలేదు, చుట్టూ మూసి ఉన్న ఆకారం తెరుచుకుంది. ఐ సెక్షన్ తెరిచి ఉన్న ఆకారం. రెండు బీములను పక్కపక్కన పెట్టి పైనా కిందా పట్టీలు పూర్తిగా వెల్డింగ్ చేసి పెట్టెలా మూసేస్తే మెలి దృఢత్వం వందల రెట్లు పెరుగుతుంది. బరువు పెరిగేది రెట్టింపుకు కాస్త పైన.

41 అంటే 30 కంటే ఎక్కువే కదా, మరి 18 దగ్గరే ఎందుకు జారింది? రెండు కారణాలు. ఒకటి, క్రాస్ బీమ్ కొసలు నిజంగా బిగిసి లేవు. బీమ్ నడుముకు, అంటే రెండు అంచుల మధ్య నిలువు పట్టీకి, ఒక యాంగిల్ ముక్క, దానికి రెండు బోల్టులు. ఆ రెండు బోల్టుల చుట్టూ బీమ్ కొస కొంచెం కొంచెం ఆడుతుంది. కాగితం మీది 41 అక్కడే కరిగింది. రెండోది, జాకీ మొదటి నుంచీ అచ్చం నిటారుగా లేదు. తూకంగుండు వేసి చూస్తే కొస 2 మి.మీ. పక్కకు ఉంది. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ తప్పుకునే బరువుకు దగ్గరవుతున్న కొద్దీ ఆ 2 పెరుగుతుంది: సగం బరువు దగ్గర 4, ముప్పావు దగ్గర 8. ఉన్నట్టుండి పడిపోయిందని అందరూ అంటారు గానీ, ఉన్నట్టుండి ఏదీ జరగదు, చూసేవాళ్లు లేకపోతే ఉన్నట్టుండి జరిగినట్టే ఉంటుంది.

చూడటానికి డయల్ గేజ్ ఒకటి చాలు, వెంట్రుకవాసి కదలికను కూడా ముల్లుతో చూపే పరికరం. అక్కడి ఫిట్టర్ పెద్దాయన చేయి తిరిగిన మనిషి. “అన్నా, దీన్ని జాకీ కొసకు పక్కనుంచి ఆనించి పెట్టాల. ముల్లు ఎంత జరిగిందో ప్రతి రెండు టన్నులకూ చెప్పు” అన్నాను. ఈసారి దొంతర చుట్టూ గొలుసు కట్టి, అందరినీ దూరంగా నిలబెట్టి, 12 టన్నుల దగ్గరే ఆపేశాం. అంకెలను లెక్క సులువు కోసం కాస్త సవరించి చెబుతున్నాను: 6 టన్నుల దగ్గర 0.67 మి.మీ., 12 దగ్గర 2 మి.మీ. బరువు రెట్టింపైతే కదలిక మూడింతలు. అప్పుడే పెద్దాయన గేజ్ మీద నుంచి కన్ను తిప్పకుండా అన్నాడు, “పక్కకు పోతా ఉండాది సార్ ఇది, నొక్కే కొద్దీ ఎక్కువగా పోతా ఉండాది.”

ఈ రెండు అంకెల్లోంచి, దేన్నీ పడగొట్టకుండా, అది పడిపోయే బరువును ముందే చెప్పే ఒక ఉపాయం ఉంది. రిచర్డ్ సౌత్‌వెల్ 1932లో చూపించాడు. ప్రతి బరువు దగ్గరా కదలికను బరువుతో భాగించండి. 6 దగ్గర 0.67ను 6తో భాగిస్తే 0.111. 12 దగ్గర 2ను 12తో భాగిస్తే 0.167. కదలిక 1.33 పెరిగితే ఈ భాగఫలం 0.056 పెరిగింది. 1.33ను 0.056తో భాగిస్తే, 24. అంతే, తప్పుకునే బరువు 24 టన్నులు. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడితే అవి సరళరేఖ మీద పడతాయి, ఆ రేఖ వాలే చెబుతుంది. మొదటి రోజు 18 టన్నులంటే 24లో ముప్పావు. మొదట్లో ఉన్న 2 మి.మీ. 8 అయింది, బాల్ సీటు అంచెక్కి జారింది. నాకు తెలిసినంతలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ముఖ్యమైన సంగతి చెప్పే పద్ధతి ఇంకొకటి లేదు. ఎస్వీ యూనివర్సిటీలో చదివేటప్పుడు రికార్డు పుస్తకం నింపడానికి చేసిన ప్రయోగమే ఇది. అప్పుడు నాకు అర్థం కాలేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

సాఫ్ట్‌వేర్‌లో ఈ పని ఒక బటన్ నొక్కితే అవుతుంది. కుర్రాడు నొక్కే ఉన్నాడు కూడా. అతనికి వచ్చిన జవాబు ఎంతో భద్రంగా ఉంది, ఎందుకంటే జాకీ కింది కొసను అతను ‘ఫిక్స్‌డ్’ అని పెట్టాడు. అదే కొసను వదిలేసి మళ్లీ నొక్కమన్నాను. వచ్చిన అంకె చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. కంప్యూటర్ అబద్ధం చెప్పదు, కానీ మనం ఎక్కడ మేకు కొట్టామంటే అక్కడ ఉందనే నమ్ముతుంది. నిజం ఫ్రేమ్‌లో ఆ మేకు ఉందో లేదో వంగి చూడాల్సింది మనిషే. ఇంకా ఒక జాగ్రత్త: ఆ బటన్ ఇచ్చేది అచ్చం తిన్నగా ఉన్న ఆదర్శ ఫ్రేమ్ జవాబు. మొదటి 2 మి.మీ. వంకర పెట్టి, మెట్టు మెట్టుగా బరువు పెంచుతూ ఇంకోసారి నడిపితేనే అసలు కథ తెలుస్తుంది.

మరి ఆ కొస నిజంగా ఎందుకు వదులుగా ఉంది? స్ప్రెడర్ బీమ్ కింద రెండు రాడ్లున్నాయని చెప్పాను కదా. పుస్తకం ప్రకారం ఒకటి దొర్లాలి, ఒకటి దొర్లకూడదు. దొర్లేది ఉంటేనే పలక వంగేటప్పుడు అడ్డు తగలదు. దొర్లనిది ఉంటేనే స్ప్రెడర్ పలక మీద నుంచి నడిచిపోదు. ఇక్కడ రెండూ నున్నటి గుండ్రటి రాడ్లు, రెండూ హాయిగా దొర్లుతాయి. అవి దొర్లే దిక్కు, క్రాస్ బీమ్ మెలిపడితే జాకీ కొస కదిలే దిక్కు ఒకటే. అంటే ఆ దిక్కున 30 టన్నుల దొంతరను పట్టి ఉంచేది ఏదీ లేదు, ఆ మెత్తటి మెలి తప్ప. పైన బాల్ సీటు ఎటైనా తిరగడానికే పుట్టింది. తిరిగే కీలు, దాని కింద దొర్లే రాడ్లు. తోటమాలి పంగలకర్రను గోళీల మీద నిలబెడతాడా?

ఒక రాడ్డుకు రెండు వైపులా పావంగుళం కమ్మీ ముక్కలు వెల్డింగ్ చేయించాను, దొర్లకుండా. క్రాస్ బీమ్ కొసల్లో పైఅంచుకూ కింది అంచుకూ చెరో యాంగిల్ బిగించి, బోల్టులు రెండు నుంచి ఆరుకు పెంచాం. జాకీ రాడ్డు నిండా బయటికి రాకుండా పలక కింద పీటల ఎత్తు పెంచాం. నిండా సాగిన జాకీ సన్నబడిన కర్రే, లోపల దానికి పట్టు కూడా తగ్గిపోతుంది. ఎత్తు సరిచేయడానికి జాకీ కిందే దిమ్మెలు పేర్చే అలవాటు చాలాచోట్ల ఉంది, దాన్ని మానుకోవాలి. ఒక్కో దిమ్మె దొంతరకు ఇంకో కీలు. రసమట్టం, తూకంగుండు రెండూ పెట్టి జాకీని అర మిల్లీమీటరులోపు నిటారుగా తెచ్చాం. మొత్తం ఒక పూట పని.

ఇంకొక్క సంగతి, స్థిరత్వానికి పక్కింటి చుట్టం లాంటిది. నొక్కేటప్పుడు ఫ్రేమ్ కూడా సాగుతుంది, స్ప్రింగులా శక్తిని దాచుకుంటుంది. 30 టన్నుల దగ్గర ఫ్రేమ్ మొత్తం 4 మి.మీ. సాగిందంటే దాచుకున్న శక్తి సుమారు 590 జౌల్స్, 50 కిలోల సిమెంటు బస్తా 1.2 మీటర్ల ఎత్తు నుంచి పడ్డంత. పలక పగిలిన క్షణంలో అదంతా పలక మీదే విడుదలవుతుంది. అందుకే మెత్తటి ఫ్రేమ్‌లో కాంక్రీటు నెమ్మదిగా చితకదు, ఢామ్మని పేలుతుంది. కాంక్రీటు పెళుసు వల్ల ఎంత పేలింది, ఫ్రేమ్ మెత్తదనం వల్ల ఎంత పేలింది అన్నది చూసేవాళ్లకు తేడా తెలియదు. గరిష్ఠ బరువు దాటాక పలక మోసే బరువు ఎలా తగ్గుతూ పోతుందో చూడాలంటే ఫ్రేమ్ పలకకంటే బిగువుగా ఉండాలి. ఈ షెడ్డుకు అంత అవసరం లేదు, వాళ్లకు కావలసింది పగిలే బరువొక్కటే. కానీ గొలుసు, ముందు జాలీ తెర తప్పనిసరి అని చెప్పి వచ్చాను. ఆ గొలుసు ఖర్చు గురించి మాత్రం యజమాని ఇప్పటికీ గొణుగుతుంటారు.

ఇదే రోడ్డు మీద ఇంకాస్త ముందుకు పోతే శ్రీకాళహస్తి. 1516 నాటి రాజగోపురం 2010 మే 26న కూలిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. టీ తాగుతూ పెద్దాయనే ఆ మాట ఎత్తాడు, “రాయి గట్టిదే కదా సార్, ఐదు వందల ఏండ్లు నిలబడ్డ రాయి.” ఆ గోపురం లెక్క వేరు, దాని పునాది, పగుళ్లు, కారణాలు వేరు. ఒక రేకుల షెడ్డులోని జాకీతో దాన్ని పోల్చడం సరికాదని చెప్పబోయి ఊరుకున్నాను. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే.

సాయంత్రం మళ్లీ నొక్కాం. 6 టన్నులు, ముల్లు కదల్లేదు. 12, 18, అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. 24 దగ్గర పావు మిల్లీమీటరు. 27 దగ్గర చప్పుడైంది. ఈసారి పగిలింది పలక, మధ్యలో, పుస్తకంలో బొమ్మ గీసినట్టు. పెద్దాయన పలక వైపు చూడనే లేదు, వంగి డయల్ ముల్లు చూసి, తూకంగుండు దారం ఒకసారి సరిచేసి, “రెండోది ఎక్కించండి” అన్నాడు.

ముందే చెప్పేసిన లావు స్తంభాలు మూడు రోజులకు లారీలో దిగాయి. వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు అమ్మినవాళ్లు. ఇప్పుడవి షెడ్డు ముందు వేపచెట్టు కింద పక్కపక్కన పడున్నాయి. మధ్యాహ్నం వాటి మీదే కూర్చుని క్యారియర్లు విప్పుకుంటారు.